మూతల కొంగ

అక్టోబరు 6

ఒరేయ్ బావమరిదీ,

నిన్న నువ్వు ఫోను చేశావట. ఎత్తింది నేనే. ఎవరో దూరంగా ఎండుటాకుల మీద నడుస్తున్నట్టు చప్పుడైంది, పెట్టేశాను. ఇన్నేళ్ళు లాంచీ ఇంజను పక్కన కూర్చున్న చెవులు కదా, మనుషుల గొంతు వాటికి ఆనడం లేదు. నాతో పనుంటే ఉత్తరం రాయి. నీ రాత కోడి కెలికినట్టే ఉంటుంది గానీ కళ్ళజోడు పెట్టుకుంటే కనీసం కనిపిస్తుంది.

రేవులో మా లాంచీ ఆపేశారు. వానలకు పైనుంచి చెత్తంతా ఏట్లోకి కొట్టుకొచ్చింది. సంచులు, సీసాలు, తెగిన వలలు. అవన్నీ లాంచీ అడుగున తిరిగే పంకాకు చుట్టుకుని, నడి ఏట్లో ఇంజను మూలిగి ఆగిపోయింది. జనాన్ని చిన్న పడవల్లో ఒడ్డుకు చేర్చాం. ఏరు బాగుపడేదాకా లాంచీ తిప్పేది లేదన్నారు ఆఫీసువాళ్ళు. ఎప్పటికి బాగుపడుతుందండీ అని అడిగితే, "నీకెలాగూ రిటైరయ్యే వయసే కదా" అన్నారు. నేనడిగింది ఏటి సంగతి, వాళ్ళు చెప్పింది నా సంగతి.

ఇంట్లో ఖాళీగా కూర్చుంటే మీ అక్క చూస్తూ ఊరుకునే మనిషా? మొదటి వారం నాచేత కూరగాయలు తరిగించింది. రెండో వారం నేను తరిగినవాటిని తనే మళ్ళీ తరుక్కుంది. మూడో వారం నన్ను వంటింటి గడప దాటనివ్వలేదు.

అందుకని వెనక గదిలో ఒక కొంగను పెట్టుకున్నాను. పొడుగు కాళ్ళది. రోజురోజుకూ పెరుగుతోంది, ఇప్పటికి నా భుజం దాకా వచ్చింది. మెడ మాత్రం నిలవడం లేదు, ఎంత ఎత్తిపెట్టినా పక్కకు వాలిపోతోంది. కడుపునిండా మూతలే. మీ అక్కకు దాన్ని చూస్తే ఒళ్ళుమంట. ఇప్పుడే వచ్చి, "ఆ కొంగకు చేసే సేవలో పావు వంతు నాకు చేస్తే" అని ఏదో అంటోంది. మిగతాది వినిపించలేదు. చెవుడులోనూ సుఖముంది.

నీ బావ

---

అక్టోబరు 15

బావా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులుగా నాకు నిద్ర లేదు. కొంగ ఎక్కడైనా మనిషి భుజం దాకా పెరుగుతుందా? అది నిజంగా కొంగేనా? ముందు అది తేల్చుకో. మూతలు మింగిందని అంత తేలిగ్గా రాశావేంటి! మా పై వాటాలో పశువుల డాక్టరమ్మ ఉంటుంది. మెట్ల మీద ఆపి అడిగాను. మెడ వాలిపోవడం మంచి లక్షణం కాదంది. గదిలో కట్టేయొద్దట, గాలి తగలనివ్వాలట. ఒక పొడి ఇచ్చింది, ఉత్తరంతో పంపుతున్నాను. నీళ్ళలో కలిపి ముక్కు తెరిచి పోయాలి. దగ్గర్నుంచి పోయకు, కళ్ళలో పొడుస్తుంది. అటవీశాఖ వాళ్ళకు తెలిస్తే పక్షిని బంధించావని కేసు పెడతారు, అక్కను కూడా స్టేషనుకు తిప్పుతారు. ఇది నీకు అవసరమా?

లాంచీ గురించి చదివి బాధపడ్డాను. కానీ రిటైరైన మనిషి పుస్తకాలు చదువుకుంటాడు, మొక్కలు పెంచుకుంటాడు. నువ్వేమో కొంగ పక్కన కూర్చుని కొంగజపం చేస్తున్నావు.

ఇక నా సంగతి. మా మూతల ఫ్యాక్టరీలో పెద్ద సూపర్‌వైజరు దిగిపోతున్నాడు. ఆ కుర్చీ నాకేనని అందరూ అనుకుంటున్నారు. మేనేజరు పోయిన వారం నన్ను చూసి తల ఊపాడు. ఇదివరకు కళ్ళు మాత్రమే ఆడించేవాడు. అందుకే సెలవు పెట్టడానికి వీల్లేక మీ ఇంటికి రావడం పడలేదు. అక్క ఏమీ అనుకోవద్దని చెప్పు. రెండేళ్ళయిందని నాకూ తెలుసు.

పొడి సంగతి మరిచిపోకు.

నీ బావమరిది

---

అక్టోబరు 22

ఓరి అమాయకుడా,

నీ ఉత్తరం మీ అక్కకు చదివి వినిపించాను. నవ్వి నవ్వి ఆవిడకు పొలమారితే మంచినీళ్ళు తాగించాల్సి వచ్చింది. పెళ్ళయ్యాక తన పుట్టింటివాళ్ళ వల్ల ఆవిడ ఇంతలా నవ్వడం ఇదే మొదలు. డాక్టరమ్మ పొడి కొంగకు చూపించాను. వద్దంది.

అది బతికున్న కొంగ కాదురా. ఏట్లోంచి ఏరుకొచ్చిన చెత్తతో నేను చేస్తున్న కొంగ. లోపలి ఎముకలు విరిగిన గొడుగుల ఊచలు. కాళ్ళు ఇనప గొట్టాలు. మెడ తోటలో నీళ్ళు పట్టే పాత రబ్బరు పైపు, అందుకే అది వాలిపోయేది. లోపల ఒక కడ్డీ దూర్చాను, ఇప్పుడు పోలీసులా నిటారుగా నిలబడింది. రెక్కలకు పాల కవర్లు ఈకల్లా కత్తిరించి వరసలు వరసలుగా కుట్టాను. ఒళ్ళంతా సీసా మూతలు. ఒక్కోదానికి రెండు బెజ్జాలు పొడిచి తీగతో కడతాను. వేళ్ళు బొబ్బలెక్కాయి గానీ మనసు హాయిగా ఉంది.

పొద్దున్నే బుట్ట పట్టుకుని రేవుకు పోతాను. మొదట్లో వీధివాళ్ళు నన్ను చూసి జాలిపడ్డారు. తర్వాత కొంచెం భయపడ్డారు. ఇప్పుడు వాళ్ళే ఏటి చెత్త ఏరి సంచుల్లో తెచ్చి గుమ్మంలో పెట్టిపోతున్నారు. ఎదురింటి దర్జీ తన మిషను మీద ఒక రెక్క కుట్టిపెట్టాడు. రెండోది నేను కుట్టాను. ఏది ఎవరిదో దూరం నుంచే తెలిసిపోతుంది.

ఎందుకు చేస్తున్నావంటావా? ఏట్లో కొంగలు కనబడటం తగ్గింది. ఒకటుంటే బాగుంటుందనిపించింది. అంతే.

నీతో ఒక పని పడింది. రెక్కల అంచుకు నీలం రంగు చాలడం లేదు. ఏట్లో దొరికిన వాటన్నిటిలో నక్షత్రం గుర్తున్న నీలం మూతలు నాకు బాగా నచ్చాయి. అవి మీ ఫ్యాక్టరీవే కదా! ఎన్నాళ్ళు నానాయో ఏమో, రంగు ఇసుమంతైనా వెలవలేదు. గట్టి సరుకు తయారుచేస్తున్నారు సుమా. వీలైతే కొన్ని నీలానివి పంపించు.

నీ బావ

---

నవంబరు 3

బావా,

నవ్వండి, నవ్వండి. డాక్టరమ్మకు ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? ఆవిడ రోజూ మెట్ల మీద ఆపి "మీ కొంగ ఎలా ఉంది?" అంటోంది. నిన్న "కోలుకుంది" అని చెప్పి తప్పించుకున్నాను.

కానీ నీ ఉత్తరంలో ఒక మాటకు నా కడుపు నిండిపోయింది. మా మూత రంగు వెలవలేదని రాశావు చూడు, దాన్ని క్యాంటీన్‌లో పైకి చదివాను. రంగు కలిపే ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళుగా మూత గురించి మంచిమాట చెప్పినవాడు ఒక్కడూ లేడు బావా. నీళ్ళు బాగున్నాయంటారు, సీసా బాగుందంటారు, మూతను మాత్రం తిప్పి పారేస్తారు.

అందుకే స్టోర్సు వాళ్ళను బతిమాలి నీకోసం రెండు బస్తాలు పంపుతున్నాను. అన్నీ నీలమే. నిన్నటి అచ్చులోంచి దిగినవి, చెయ్యి తగలనివి, తళతళలాడుతున్నాయి. నీ కొంగ నెమలిలా మెరిసిపోవాలి. ఇంకా కావాలంటే మొహమాటపడకు. ఎవరైనా అడిగితే ఈ మూతలు మా బావమరిది ఫ్యాక్టరీవి అని చెప్పు.

అక్క మోకాలు ఎలా ఉంది? ఆ సంగతి ఒక్క ముక్కయినా రాయవేం!

నీ బావమరిది

---

నవంబరు 14

బావమరిదీ,

నీ బస్తాలు వాపసు పంపుతున్నాను. తప్పుగా అనుకోకు. నీ మూతలు కొత్త పెళ్ళికొడుకుల్లా ఉన్నాయిరా. నాకు కావలసింది దెబ్బలు తిన్నవి, గీతలు పడినవి, ఎవడో నోటితో పీకి పారేస్తే పంటిగాట్లు పడినవి. మీ వీధిలో పారేసినవి ఏరి పంపుతావనుకున్నాను. కొత్తవి తగిలిస్తే అది కొంగ అవదు, మీ షోరూము అవుతుంది.

ఇంతకీ ఇక్కడ జరిగిన భాగోతం విను. మన లైబ్రరీ హాల్లో కొంగను నిలబెడదామని లైబ్రరీ మేడమ్ అడిగింది. వీధివీధంతా తరలివచ్చింది. నలుగురం ఎత్తాం, గుమ్మం దాకా తెచ్చాం, అక్కడితో ఆగింది. అడ్డంగా తిప్పితే రెక్క తగులుతోంది, నిలువుగా తిప్పితే మెడ తగులుతోంది. ఇన్నేళ్ళు లాంచీని రేవుకు ఆనించినవాణ్ణి, ఒక్కసారైనా తగిలించలేదు. ఇంట్లో చేసిన కొంగ గుమ్మం పడుతుందా లేదా అని మాత్రం చూసుకోలేదు. సగం లోపల, సగం బయట ఇరుక్కుపోయింది. మీ అక్క ఇంట్లో, నేను వీధిలో. మధ్యలో కొంగ. దాని కాళ్ళ సందులోంచి వంగి చూసి మీ అక్క అన్న మాటలు ఉత్తరంలో రాయడానికి లేదు.

చివరికి వడ్రంగి వచ్చి తలుపు, దార్బందం రెండూ ఊడదీశాడు. కొంగ దర్జాగా బయటికి నడిచింది. దార్బందం మళ్ళీ బిగించడానికి వడ్రంగికి మొన్నటిదాకా తీరిక దొరకలేదు. అప్పటిదాకా ఇంటికి తలుపు లేదు. మీ అక్క గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. వచ్చేపోయేవాళ్ళందరూ ఆగి కబుర్లు చెప్పడంతో ఊరి సంగతులన్నీ తెలిసిపోయాయి, ఇప్పుడు తలుపు వచ్చిందని దిగులు పడుతోంది.

లైబ్రరీలో కొంగ పక్కన చిన్న అట్ట పెట్టాం. "దీని ఒంటిమీద ఉన్నదంతా మన ఏట్లో దొరికిందే" అని రాసి ఉంటుంది. జనం బాగానే వస్తున్నారు. నవ్వుతూ వస్తారు, దగ్గరికెళ్ళి చూస్తారు, చేతిలో సీసా ఉంటే సంచిలో దాచుకుంటారు.

మోకాలు బాగానే ఉంది. ఆ మోకాలితోనే నన్ను వీధిచివరిదాకా తరిమింది.

నీ బావ

---

డిసెంబరు 2

పూజ్యులైన బావగారికి,

తమరు వాపసు పంపిన బస్తాలు చేరాయి. స్టోర్సువాడు అందరిముందూ "ఏం సార్, కొంగకు మన సరుకు అరగలేదా?" అన్నాడు. దాన్ని మింగాను. కానీ ఆ తర్వాత పేపరు వచ్చింది.

మీ కొంగ ఫొటో, దాని కింద పెద్ద అక్షరాలతో "నక్షత్రం మూతలు మింగిన కొంగ". నక్షత్రం ఎవరిదో తెలియనివాళ్ళు ఈ ఊళ్ళో లేరు. ఆ ముక్క కత్తిరించి క్యాంటీన్‌లో సరిగ్గా నేను కూర్చునే బల్ల ఎదురుగా అంటించారు. రంగు కలిపే ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. "రంగు వెలవలేదని నీ బావ మెచ్చుకున్నాడన్నావు. ఇదా మెచ్చుకోవడం?" అన్నాడు. నేనూ మెచ్చుకోవడమనే అనుకున్నాను. నా చేతులతో చేసిన వస్తువును చెత్త అనడానికే మీరు అంత కష్టపడి కొంగను చేశారని నాకెలా తెలుస్తుంది? ముందే చెబితే నేనే దూరంగా ఉండేవాణ్ణి. నన్నే మూతలు అడిగి, నన్నే బజారుకెక్కించారు.

మేనేజరు పిలిచాడు. ఉద్యోగం ఊడిందనుకుని మనసులో పెళ్ళాంపిల్లలకు ఏం చెప్పాలో సిద్ధం చేసుకుంటూ వెళ్ళాను. ఆయన ఫొటోను అటూ ఇటూ తిప్పి చూసి, "చాలా అందంగా ఉందయ్యా. మన గేటు ముందు పెడదాం. 'ఎన్నేళ్ళయినా వెలవని రంగు' అని బోర్డు రాయిద్దాం. మీ బావగారు ఏం అడిగినా ఇద్దాం" అన్నాడు. ఆ కొంగ గేటుకు వస్తే పెద్ద సూపర్‌వైజరు కుర్చీ నాదేనని అర్థమయ్యేలా చెప్పాడు.

మీ ఇష్టం. నేను బలవంతపెట్టను. మీరు పెద్దవారు.

ఇట్లు,
మీ బావమరిది

---

డిసెంబరు 8

నాయనా,

"మీరు" అన్నావు. "తమరు" అన్నావు. "పూజ్యులు" కూడా అన్నావు. మా పెళ్ళిలో నా చెప్పులు దాచినప్పుడు కూడా నువ్వు నన్ను ఇంతగా గౌరవించలేదు.

సరే. తీసుకెళ్ళండి బాబూ. లారీ వేసుకొచ్చి మరీ తీసుకెళ్ళండి. దాని ఒంటిమీద ఉన్నదంతా మీ సొమ్మేగా, మధ్యలో నేనెవణ్ణి? మీరు చేశారు, ఏరు తెచ్చింది, ముసలాడు ఏరాడు. గేటు ముందు నిలబెట్టి రోజూ పూలు చల్లుకోండి. రంగు వెలవదని బోర్డు రాయించుకోండి. నిజమే కదా, మనిషి పోయినా అది వెలవదు. నీకు కుర్చీ వస్తుంది, మీ మేనేజరుకు పేరొస్తుంది, మా లైబ్రరీకి చోటు కలిసొస్తుంది. అందరికీ మంచిదే.

బావగారు

---

డిసెంబరు 15

బావా! బంగారు బావా!

నీ మనసు వెన్న అని నాకు ముందే తెలుసు. కోపంలో ఏదేదో రాశాను, మనసులో పెట్టుకోకు. నువ్వు ఇంత ఉదారంగా ఒప్పుకుంటావని కలలో కూడా అనుకోలేదు. ఉత్తరం చదవగానే మేనేజరు గదికి పరిగెత్తాను. పూలు చల్లే సంగతి కూడా చెప్పాను, ఆయనకు ఆ ఆలోచన బాగా నచ్చింది.

ఈ ఇరవై ఒకటిన లారీ వస్తుంది. నేనూ వస్తున్నాను! మర్నాడు పొద్దున గేటు దగ్గర ఫొటోలు తీయడానికి ఆ పేపరు విలేకరినే పిలిచారు. కొంగ మెడకు దెబ్బ తగలకుండా పాత పరుపులు వేయిస్తున్నాను. లైబ్రరీ గుమ్మం వెడల్పు ఎంతో ఒకసారి కొలిచి ఉంచు.

నీ బావమరిది

---

డిసెంబరు 18

తమ్ముడికి,

అక్క రాస్తున్నాను. మీ బావ కలం ముట్టనని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఈ ఉత్తరం అందేలోపే నువ్వు బయలుదేరితే మన ఖర్మ.

నిన్ను చదివించడానికి నాన్న ఎంత తిప్పలు పడ్డాడో నాకు తెలుసు. వెటకారం చదివితే వెటకారమని తెలియకుండా ఎలా పాసయ్యావురా? "తీసుకెళ్ళండి" అంటే తీసుకెళ్ళమనా? మీ బావ నాతో "నువ్వు మీ పుట్టింటికి పో" అని ఎన్నిసార్లనలేదు! నేను వెళ్ళానా?

ఇప్పుడు చెప్పేది నేను చెప్పానని ఆయనతో అనకు. లాంచీ ఆగిన రోజు పంకాను విడిపించడానికి మీ బావే నీళ్ళలోకి దిగాడు. ఆ వలా సంచుల ముద్దలో ఒక కొంగ ఉంది. చచ్చిపోయి ఉంది. రేవులో రోజూ లాంచీ పక్కనే నిలబడే కొంగే అంటాడు. ఆయన అలా అనుకున్నాడో, నిజమో నాకు తెలియదు. చాకుతో వల దారాలన్నీ కోసి, దాన్ని ఒడ్డున పూడ్చి ఇంటికొచ్చాడు. కంచం ముందు కూర్చుని చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. చాలా రోజులు ఆ ఏటివైపే వెళ్ళలేదు. తర్వాత ఒక పొద్దున బుట్ట పట్టుకుని వెళ్ళాడు.

నీకు ఇది రాస్తానంటే వద్దన్నాడు. "వాడు ఆ ఫ్యాక్టరీలో తింటున్నాడు. వాడి కూడు వాడికి చేదు చెయ్యకు" అన్నాడు. పేపర్లో ఆ నక్షత్రం మాట విలేకరి సొంతంగా పెట్టాడు. అది చూసి నీకంటే ముందు తల పట్టుకున్నది మీ బావే.

లారీ వస్తే రానీ. నువ్వు మాత్రం తిన్నగా ఇంటికి రా.

మీ అక్క

---

డిసెంబరు 27

బావా,

మీ ఊరినుంచి ఇంటికొచ్చేసరికి అక్క ఉత్తరం గుమ్మంలో పడి ఉంది. చదివాను. ఏం చదివానో నీకు చెప్పొద్దంది, చెప్పను. కానీ మెట్ల మీదే కూర్చుండిపోయాను. డాక్టరమ్మ వచ్చి "కొంగకు ఏమైనా అయిందా?" అంది. "అయిందండీ" అన్నాను.

ఆ రోజు నేను మీ ఇంటికొచ్చేసరికి నువ్వు నెత్తిదాకా దుప్పటి కప్పుకుని పడుకున్నావు. పిలిస్తే పలకలేదు. వినిపించలేదో, వినదలచుకోలేదో. కొంగను లారీ ఎక్కించేస్తున్నామని నువ్వు అనుకుని ఉంటావు. నువ్వు చూడనిది నేను చెప్పాలి కదా, అందుకే రాస్తున్నాను.

అక్క నన్ను తిన్నగా లైబ్రరీకి తీసుకెళ్ళింది. ఫొటోలో చూసింది వేరు బావా. అది అంత ఎత్తుగా, మెడ కొంచెం వంచి, నన్నే చూస్తున్నట్టు నిలబడి ఉంది. బడిపిల్లలు చుట్టూ ఉన్నారు. లైబ్రరీ మేడమ్ నన్ను చూపించి "ఈయన కొంగ తాతగారి బావమరిది" అంది. అంతే, ఒక పాప వచ్చి నా ముందు నిలబడింది.

"ఇది మీరే చేశారా?"

"లేదమ్మా, మా బావ చేశాడు. నేను మూతలు చేస్తాను."

"ఇవన్నీనా?"

"నక్షత్రం ఉన్నవన్నీ."

"ఎందుకు చేశారు?"

"సీసాలకు పెట్టడానికి."

"మరి సీసాలకు పెట్టకుండా ఏట్లో ఎందుకు వేశారు?"

నేను అక్కవైపు చూశాను. అక్క కిటికీవైపు చూసింది. "నేను వేయలేదమ్మా" అన్నాను. ఆ పిల్ల పోట్లాడలేదు. సరేనన్నట్టు తలూపి, కొంగ రెక్క మీద నక్షత్రాలు వెతుక్కుంటూ పోయింది. దొరికినప్పుడల్లా నావైపు తిరిగి "ఇదీ మీదే!" అని అరిచేది. ఎంత సంతోషమో దానికి. నేను తలుపువైపు తిరిగేలోపు ఇంకొకటి దొరికేది.

చివరికి ఒకటి చూపించి, "ఈ నక్షత్రానికి ఒక కొమ్ము లేదు, ఇది మీది కాదు" అంది. దగ్గరికెళ్ళి చూశాను. అది నాదే. మా అచ్చు ఒకటి అరిగిపోయి కొన్నాళ్ళు నక్షత్రానికి ఒక కొమ్ము తక్కువైన మూతలు దిగాయి. దాన్ని పట్టుకున్నది నేనే, మార్పించింది నేనే. ఈలోపు పోయిన సరుకు పోనీలే, ఎవరు చూస్తారు అనుకున్నాను. ఇదిగో, కొంగ రొమ్ము మీద, నీ తీగతో కట్టి ఉంది. దాన్ని వేలితో తడిమాను. "అది కూడా నాదేనమ్మా" అన్నాను.

బయటికొచ్చి డ్రైవరుకు కొంగను ఎక్కించేది లేదని చెప్పాను. అతను లబోదిబోమన్నాడు. "ఖాళీ బండితో వెళితే మేనేజరు నన్ను నమిలేస్తాడు సార్!" అప్పుడు మా అక్క నోరు తెరిచింది. "ఖాళీగా ఎందుకెళ్తావు నాయనా? మా వసారా నిండా మూతల బస్తాలున్నాయి. కొంగకు పెట్టగా మిగిలినవి. అన్నీ మీ ఫ్యాక్టరీలో పుట్టినవే. పుట్టింటికి తీసుకెళ్ళు" అంది. ఎదురింటి దర్జీ, వడ్రంగి, వీధిలో వాళ్ళందరూ కలిసి ఎక్కించేశారు. కొంగ కోసం తెచ్చిన పరుపుల మీద బస్తాలు హాయిగా పడుకున్నాయి. నేను ఆపలేదు. నిజం చెప్పనా, ఆపాలనీ అనిపించలేదు.

మర్నాడు గేటు దగ్గర విలేకరి కెమెరాతో సిద్ధం. మేనేజరు కొత్త చొక్కా వేసుకొచ్చాడు. పూలబుట్ట కూడా తెప్పించాడు. టార్పాలిన్ లాగారు. కొంగ లేదు. బస్తాలు, వాటితోపాటు మన ఏటి బురద వాసన గుప్పున కొట్టింది. మేనేజరు ముఖం చూడాల్సింది.

"ఏంటయ్యా ఇది?"

"మన మూతలు సార్. ఇంటికొచ్చాయి" అన్నాను. అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు.

విలేకరి వదలడుగా. "ఏట్లో చెత్తను మీరే తిరిగి తెప్పించుకుంటున్నారా సార్?" అని కెమెరా ముఖం మీద పెట్టాడు. మేనేజరు ఒకసారి బస్తాలవైపు, ఒకసారి కెమెరావైపు చూసి, "అవును, మేమే తెప్పించాం. ఇకనుంచి నెలనెలా తెప్పిస్తాం" అన్నాడు. ఆ మాట పేపర్లో అచ్చయింది. అచ్చయ్యాక వెనక్కి తీసుకోవడం ఆయన తరం కాదు.

తర్వాత గదిలోకి పిలిచి ఉతికి ఆరేశాడు. పెద్ద సూపర్‌వైజరు కుర్చీ ఇంకొకాయనకు వెళ్ళింది. నాకు శిక్ష ఏంటో తెలుసా? "నువ్వే తగిలించావు కాబట్టి, నెలకోసారి ఆ దరిద్రపు లారీలో నువ్వే వెళ్ళి ఆ కంపు మోసుకురా" అన్నాడు. ముఖం వేలాడేసుకుని బయటికొచ్చాను. క్యాంటీన్ దాకా వచ్చేసరికి నవ్వు ఆగలేదు.

బస్తాల్లోవి కడిగి కరిగించాం. అన్ని రంగులూ కలిసి బురద రంగు ముద్ద వచ్చింది. సీసాలకు పనికిరాదు. రంగు కలిపే ఆయన చాలాసేపు దాన్ని చేత్తో పట్టుకుని చూశాడు, అలక తీరిందిలే, "స్టూళ్ళు పోత పోద్దాం" అన్నాడు. ఇప్పుడు క్యాంటీన్‌లో అందరం వాటిమీదే కూర్చుంటున్నాం. గట్టిగా ఉన్నాయి. అందం మాత్రం అడక్కు.

బావా, దుప్పటి తీశావా?

నీ బావమరిది

---

జనవరి 5

ఒరేయ్,

తీశాను. మీరు వెళ్ళిపోయిన సాయంత్రమే తీశాను. కొంగ లేని హాలు ఎలా ఉంటుందో చూసి ఏడ్చి వద్దామని లైబ్రరీకి వెళ్ళాను. తలుపు తీస్తే అది అక్కడే ఉంది. లైబ్రరీ మేడమ్‌ను పట్టుకుని "లారీలో ఏం పోయింది?" అని అరిచాను. ఆవిడ చెబితే నమ్మలేదు. ఇంటికొచ్చి వసారా చూశాను. ఖాళీ. మీ అక్క తీరిగ్గా ఊడుస్తోంది. "ఇన్నాళ్ళకు వసారా కనిపించింది" అంది.

ఒక కొమ్ము తక్కువైన ఆ మూత నాకు తెలుసు. అది చూసి ఎవరో తిన్నగా చేయలేదని తిట్టుకుంటూనే రొమ్ముమీద కట్టాను. మిగతావన్నీ ఒకలాగే ఉంటాయి, అది ఒక్కటే చూడగానే గుర్తుపట్టేలా ఉంది. నీదని తెలిస్తే తిట్టేవాణ్ణి కాదు. లేదు, ఇంకా ఎక్కువ తిట్టేవాణ్ణి.

కుర్చీ పోయినందుకు నాకు బాధగానే ఉందిరా. నేను వెటకారం చెయ్యకపోతే నీకు అదైనా దక్కేది. ఇంకెప్పుడూ నీకు వెటకారంగా రాయను. రాసినా పైన "ఇది వెటకారం" అని రాసి మొదలుపెడతాను.

ఇక్కడ వంతెన పక్కన పెద్ద కాలువ ఏట్లో కలిసేచోట మున్సిపాలిటీ వాళ్ళు వల కట్టారు. కట్టిన వారానికే చెత్త బరువుకు చిరిగింది. ఇంకా గట్టిది కడతామంటున్నారు, చూద్దాం. ఏరు ఒక్క ఏడాదిలో పాడైందా, ఒక్క ఏడాదిలో బాగవడానికి?

లారీ నెలనెలా వస్తుందని మీ అక్క వీధివీధంతా చాటింపు వేసింది. అందరూ సంచులు నింపి గుమ్మాల్లో వరసగా పెట్టుకున్నారు. పక్కవీధివాళ్ళు కూడా "మా ఇంటిముందు ఆగుతుందా?" అని అడిగిపోతున్నారు. దర్జీ ఇంటిముందు మూడు, వడ్రంగి ఇంటిముందు నాలుగు. మా గుమ్మంలో మాత్రం ఒక్క సంచీ లేదు. మీ అక్క వెనక గది కడిగి, మంచం వేసి, కొత్త దుప్పటి పరిచింది. ఇదేంటే, వీధందరికీ చెప్పి మనం ఒక్క సంచీ కట్టలేదేం అన్నాను.

"లారీ వాళ్ళకు. మా తమ్ముడు నాకు" అంది.

నీ బావ